కేస్ షీట్‌లో పొట్టి అక్షరాలు: అపోహలు, వాస్తవాలు

డిశ్చార్జ్ సమ్మరీ చేతికి రాగానే చాలామంది ఫోన్ తీసి, అందులోని పొట్టి అక్షరాలను ఒక్కొక్కటిగా వెతుకుతారు. ఎస్‌ఓబీ అని కొడితే ముందు కనిపించేది బూతు. నన్ను తిట్టారా అని ఒకరు, నాన్నగారి గురించి ఏదో దాస్తున్నారని ఇంకొకరు కంగారుగా వస్తారు. తీరా చూస్తే అది ఆయాసం అని రాసుకునే పద్ధతి, అంతే. జనరల్ మెడిసిన్ డాక్టరుగా రోజూ ఇలాంటివి రాసేవాణ్ణి కాబట్టి, తరచుగా నా చెవిన పడే అపోహల గురించి చెబుతాను.

అపోహ: పేషెంట్‌కి అర్థం కాకూడదనే అలా రాస్తారు.

వాస్తవం: అది పేషెంట్‌ని ఉద్దేశించి రాసింది కాదు. చదవాల్సింది రాత్రి డ్యూటీకొచ్చే డాక్టరు, మందు ఎక్కించే నర్సు. వాళ్లకు అర నిమిషంలో పరిస్థితి తెలియాలి. మామూలుగా ఒక కేస్ షీట్‌లో కనిపించే రాత ఇలా ఉంటుంది:

"సి/ఓ ఎస్‌ఓబీ, 3 రోజులు. నో హెచ్/ఓ ఫీవర్. ఓ/ఈ కాన్షస్, ఓరియెంటెడ్, ఎఫెబ్రైల్. ఆర్‌ఎస్: రెండు వైపులా క్రెప్స్. పి/ఏ: సాఫ్ట్. ?సీసీఎఫ్. ఈసీజీ, ఎకో."

విడమరిచి చెబితే: మూడు రోజులుగా ఆయాసం అంటున్నారు. జ్వరం రాలేదట. చూస్తే స్పృహలోనే ఉన్నారు, తానెవరో ఎక్కడున్నారో తెలుస్తోంది, ఒళ్లు వేడిగా లేదు. స్టెతస్కోపు పెడితే రెండు ఊపిరితిత్తుల్లోనూ చిటపటమనే శబ్దం. పొట్ట గట్టిగా లేదు. గుండె సరిగా పంప్ చేయక నీరు చేరుతోందేమోనని అనుమానం, తేల్చుకోవడానికి ఈసీజీ, ఎకో తీయాలి.

ఇందులో ఒక వరస ఉంది, గమనించండి. ముందు పేషెంట్ చెప్పింది, తర్వాత డాక్టరు చూసింది, ఆ తర్వాత డాక్టరు అనుకుంటున్నది, చివర చేయబోయేది. 1960లలో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ డాక్టరు ప్రచారంలోకి తెచ్చిన సమస్యలవారీ రికార్డు పద్ధతి నుంచి వచ్చిన వరస ఇది. అక్షరాల అర్థం తెలియకపోయినా ఈ వరస తెలిస్తే సగం భయం పోతుంది. మీరు చెప్పిన మాట ఏదో, డాక్టరు అనుమానం ఏదో విడిగా కనిపిస్తాయి.

అపోహ: కాగితం మీద జబ్బు పేరు ఉందంటే ఆ జబ్బు ఉన్నట్టే.

వాస్తవం: పేరు ముందున్న ప్రశ్నార్థకాన్ని చూడండి. అది అనుమానం మాత్రమే. ఆర్/ఓ అని ఉంటే, ఆ జబ్బు లేదని తేల్చుకోవడానికి పరీక్ష చేయమని. "ఆర్/ఓ క్యాన్సర్" చూసి రాత్రంతా నిద్రపోనివాళ్లున్నారు. డీ/డీ, అంటే అనుమానించాల్సిన జబ్బుల జాబితా, కింద నాలుగు జబ్బులు రాసి ఉంటే నాలుగూ ఉన్నాయని కాదు, ఆ నాలుగింటిలో ఏదో చూడాలని.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. అక్యూట్ అంటే కొత్తగా, ఉన్నట్టుండి వచ్చింది. ప్రమాదకరమని కాదు, మామూలు జలుబు కూడా అక్యూటే. క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది. స్కాన్ రిపోర్టులో అన్‌రిమార్కబుల్ అని ఉంటే సంతోషించండి, అక్కడ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. లీజన్ అంటే అక్కడేదో తేడాగా ఉందని మాత్రమే, క్యాన్సర్ అని కాదు. స్టేబుల్ మాత్రం మోసం చేస్తుంది: వెంటిలేటర్ మీద ఉన్న మనిషి కూడా స్టేబుల్ కావచ్చు. ఇప్పటికి దిగజారడం లేదన్నంత వరకే దాని అర్థం.

డీఎన్‌ఆర్ విషయం కాస్త ఆగి చెప్పాలి. గుండె ఆగిపోతే ఛాతీ నొక్కి మళ్లీ కొట్టుకునేలా చేసే ప్రయత్నం వద్దని దాని అర్థం. వైద్యం ఆపేయమని కాదు. యాంటీబయాటిక్స్, ఆక్సిజన్, నొప్పికి మందు ఇవన్నీ ఇవ్వొచ్చు. కుటుంబాలు దీన్ని "ఇక వదిలేశారు" అని అర్థం చేసుకుంటాయి. ఆ మాట పక్కన ఏయే వైద్యం కొనసాగుతుందో డాక్టరు చేత పేరుపేరునా చెప్పించుకోండి.

అపోహ: ఇంటర్నెట్‌లో వెతికితే అర్థం దొరుకుతుంది.

వాస్తవం: దొరుకుతుంది, కానీ మీ కాగితానికి పనికొచ్చే అర్థం కాకపోవచ్చు. ఎంఎస్ అంటే గుండె డాక్టరుకు మైట్రల్ స్టినోసిస్ (గుండె కవాటం ఇరుకవడం), నరాల డాక్టరుకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఒక నరాల జబ్బు). మందుల చార్టులో అదే మార్ఫిన్ సల్ఫేట్ అనే నొప్పి మందు కావచ్చు, మెగ్నీషియం సల్ఫేట్ అనే వేరే మందని పొరబడనూ వచ్చు. ఓడీ అంటే మాత్రల చీటీలో రోజుకొకసారి, కంటి డాక్టరు రాతలో కుడి కన్ను. ఈ తికమకలో నోటితో తాగాల్సిన మందును కంట్లో వేసిన సందర్భాలు నమోదయ్యాయి.

అంటే ఈ అక్షరాలతో ఇబ్బంది మీకొక్కరికే కాదు, మాకూ ఉంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో కొన్ని రాతలను వాడొద్దని జాబితా పెట్టింది. యూనిట్లు అనడానికి ఒక్క యూ రాస్తే, చేతిరాతలో అది సున్నాలా కనిపించి 10 యూనిట్ల ఇన్సులిన్ 100 అయిపోతుంది. 5 మిల్లీగ్రాములను 5.0 అని రాసినా అంతే, చుక్క సరిగా పడకపోతే 50.

అపోహ: డాక్టర్లు పేషెంట్లను కోడ్ భాషలో ఎగతాళి చేసుకుంటారు.

వాస్తవం: చేసుకునేవారు. లేదని బుకాయించను. డ్యూటీ గదుల్లో అలాంటి పేర్లు ఇప్పటికీ కొన్ని వినిపిస్తాయి. కాగితం మీద మాత్రం బాగా తగ్గాయి, ఎందుకంటే ఆ కాగితం రేపు కోర్టుకు వెళ్లొచ్చు, పేషెంట్ చేతికీ వెళ్లొచ్చు. నా దృష్టిలో ఆ వెటకారం కంటే నష్టం చేసేవి మర్యాదగా కనిపించే మాటలు. నాన్ కంప్లయంట్ (చెప్పినట్టు మందులు వాడరు), పూర్ హిస్టోరియన్ (జబ్బు వివరాలు సరిగా చెప్పలేరు), డ్రగ్ సీకింగ్ (మత్తు మందు కోసమే వచ్చారు) లాంటివి.

2018లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం దీన్నే చూసింది. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉండి, తీవ్రమైన నొప్పితో వచ్చిన ఒక కల్పిత పేషెంట్ గురించి రెండు రకాలుగా నోట్స్ రాశారు. వైద్యపరమైన వివరాలు ఒకటే. ఒకదాంట్లో భాష మామూలుది, రెండోదాంట్లో పేషెంట్ మాటను అనుమానించేది. రెండో రకం చదివిన వైద్య విద్యార్థులు, రెసిడెంట్లు (శిక్షణలో ఉన్న డాక్టర్లు) అతని పట్ల వ్యతిరేక భావంతో ఉన్నారు, నొప్పికి ఇచ్చే చికిత్సలోనూ వెనకాడారు.

బీపీ మాత్ర మానేసిన ఒకాయన్ని తీసుకోండి. ఒక డాక్టరు "నాన్ కంప్లయంట్" అని రాసి వదిలేస్తాడు. ఇంకో డాక్టరు "మాత్ర వేసుకున్నాక నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని ఆపేశారు" అని రాస్తాడు. మొదటిది చదివిన తర్వాతి డాక్టరు ఆయనకు క్లాసు పీకుతాడు. రెండోది చదివినవాడు నిలబెట్టి బీపీ చూసి, డోసు తగ్గిస్తాడో మందు మారుస్తాడో. మీ కాగితంలో అలాంటి మాట కనిపిస్తే గొడవ పడక్కర్లేదు, "నేను ఎందుకు మానేశానో కూడా రాయండి" అని అడగండి. అది మీ హక్కే.

అన్నట్టు, "డినైస్ చెస్ట్ పెయిన్" అని ఉంటే మీరు అబద్ధమాడుతున్నారని కాదు. ఛాతీ నొప్పి ఉందా అని అడిగితే లేదన్నారని. పాత అలవాటు, పోతే బాగుండును.

అపోహ: ఇవన్నీ అడిగితే డాక్టరుకు కోపం వస్తుంది.

వాస్తవం: కొందరికి వస్తుంది. అయినా అడగండి. హడావిడిగా ఉంటే జబ్బు పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు మందుల చీటీ తేల్చుకోండి. బీడీ అంటే రోజుకు రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు. ఎక్కువ గందరగోళం ఎస్‌ఓఎస్ దగ్గరే వస్తుంది. ప్రాణం మీదికొస్తే వాడే మందని కొందరు దాచిపెట్టుకుంటారు, అవసరమైతే వాడమని మాత్రమే దాని అర్థం. ఏ లక్షణం వస్తే అవసరమైనట్టు, రెండు మాత్రల మధ్య ఎన్ని గంటలు ఆగాలి, రోజులో ఎన్ని దాటకూడదు అన్నవి అడిగి, ఆ చీటీ మీదే మీ భాషలో రాయించుకోండి.