సీడు పత్తి చేలల్లో ఆడపిల్లలు: యాభై ఏళ్ల వెనకటి కథ

గద్వాల, అయిజ వైపు సర్కారు బళ్లలో జూన్‌లో కిటకిటలాడే తరగతులు ఆగస్టు దాటేసరికి పలచబడుతుంటాయి. అడిగితే ‘క్రాసింగ్‌కు పోయింది సార్’ అంటారు తోటి పిల్లలు. క్రాసింగ్ అంటే విత్తనం కోసం పత్తి పూలకు చేత్తో పుప్పొడి అంటించే పని. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డ దేశానికి పత్తి విత్తనం పండించి పెట్టే ముఖ్యమైన ప్రాంతాల్లో ఒకటి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతానికి కాస్త తక్కువ, తెలంగాణలో అన్నిటికన్నా అడుగు. ఈ రెంటికీ ముడి ఉంది. పేదరికం అనే ఒక్క మాటతో ఆ ముడి వీడదు. పాలమూరుకు కరువు, వలస ఎప్పటినుంచో ఉన్నవే. ఆడపిల్లల కోసం అడ్వాన్సు పట్టుకుని ఇంటికొచ్చే పంట మాత్రం నిన్నమొన్నటిది.

ఆ పంట 1970లో మొదలైంది. సూరత్ పరిశోధనా కేంద్రంలో సి.టి. పటేల్ తయారుచేసిన హెచ్-4, ప్రపంచంలోనే వ్యాపార స్థాయిలో సాగుకొచ్చిన తొలి హైబ్రిడ్ పత్తి, అంటే రెండు రకాల్ని కలిపి పుట్టించిన పత్తి. దిగుబడి బాగా వచ్చింది, పేరూ వచ్చింది. చిక్కల్లా విత్తనంతోనే. హైబ్రిడ్ చేలో పండిన గింజను మళ్లీ విత్తితే ఆ గుణం నిలవదు, కాబట్టి ఏటా కొత్త విత్తనం కొనాలి. దాన్ని తయారుచేయడం పూర్తిగా చేతి పని. చాలా దేశాలు మామూలు రకాలతోనే సరిపెట్టుకోగా, మనం మాత్రం ఈ దారిలో చాలా దూరం వెళ్లిపోయాం.

పని ఇలా ఉంటుంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను మధ్యాహ్నం తర్వాత పట్టుకుని, రేకుల్ని, లోపలి పుప్పొడి తిత్తుల్ని గోటితో గిల్లేయాలి. నడిమి కాడ మాత్రం విరగకూడదు. మర్నాడు పొద్దున మగ మొక్కలుగా పెట్టుకున్న రెండో రకం పూలు కోసుకొచ్చి ఆ కాడ మీద ఒక్కొక్కటే రుద్దాలి. పత్తి పువ్వు ఒక్కరోజే పనికొస్తుంది, తెల్లారితే ఎర్రబారిపోతుంది. అంటే పొద్దున ఒక పని, మధ్యాహ్నం నుంచి ఇంకో పని, నడుమ పురుగుమందు వాసన. ఆదివారం కూడా ఉండదు. ఇలా రెండు మూడు నెలలు. బడివేళలన్నీ ఇందులోనే పోతాయి.

ఆడపిల్లలే ఎందుకంటే వేళ్లు సన్నం, చురుకు, వంగక్కర్లేని ఎత్తు అని చెప్పేవారు. అసలు సంగతి కూలి. పెద్దవాళ్ల కన్నా తక్కువిస్తే చాలు, ఎక్కువ గంటలు ఉంచినా ఎదురు చెప్పరు. ఇందులో రైతు ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. కంపెనీ విత్తనం పండించే పనిని ఆర్గనైజర్ అనే మధ్యవర్తికి ఇస్తుంది, ఆర్గనైజర్ రైతుకు అప్పిచ్చి పండిస్తాడు, విత్తనం ధర పైనుంచే వస్తుంది. ఆ ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టుబాటు కాదు. దాంతో రైతు ఎండాకాలంలో, చేతిలో పైసా ఆడని ఇంటికి వెళ్లి, రాబోయే సీజన్‌కు పిల్ల పేరు మీద అడ్వాన్సు ఇచ్చి వచ్చేవాడు. ఇంటి పేదరికాన్ని పంట పెట్టుబడి లెక్కలో కలిపేసుకోవడమే ఇది.

చట్టాలు చూద్దామా? పదేళ్లలో, అంటే 1960కల్లా, 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్నాం. 1986 బాల కార్మిక చట్టం కొన్ని ప్రమాదకర పనుల్నే నిషేధించింది, పొలం పని జోలికి పోలేదు. పని చేసే పిల్లలకు రాత్రి బడులు పెడితే చాలన్నది అప్పటి ధోరణి. పగలంతా చేలో ఉన్న పిల్ల రాత్రి లాంతరు ముందు కునికిపాట్లు పడకుండా ఏం చదువుతుందో ఆ కాగితాలు రాసినవాళ్లకే తెలియాలి.

1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బాల కార్మికులు 16.6 లక్షలు, దేశంలోనే మొదటి స్థానం. అదే ఏడాది రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వేరే మాట ఎత్తుకుంది. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే, రాత్రి బడి కాదు పగటి బడే కావాలి అని. పని మానిన పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, వెనకబడ్డ చదువు అందుకునే బ్రిడ్జి కోర్సు చెప్పించి, వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టారు. ముందు ఇల్లు గడవనివ్వండి, తర్వాత చదువు అన్నవాళ్లకు ఆ తల్లిదండ్రులే జవాబు. బడి నమ్మకంగా నడుస్తుందని తెలిశాక, ఆ కూలి వదులుకుని పిల్లల్ని పంపినవాళ్లు వేలల్లో ఉన్నారు. 2003లో సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ ఏడాదే రాష్ట్రంలో బళ్లలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది, 2004 నుంచి హాస్టల్‌తో కూడిన కస్తూర్బా బాలికా విద్యాలయాలు వచ్చాయి. ఇంట్లో ఒక పూట కూడు మిగలడం, సీజన్‌లో పిల్ల హాస్టల్లో ఉండిపోవడం, ఈ రెండూ ఉపన్యాసాల కన్నా ఎక్కువ పనిచేశాయని నా అభిప్రాయం.

పత్తి మాత్రం తన దారిన పెరిగింది. 2002లో కాయతొలుచు పురుగును తట్టుకునే బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అదీ హైబ్రిడ్ విత్తనంలోనే రావడంతో క్రాసింగ్ పని ఇంకా విస్తరించింది. ఈ పిల్లల పనితో ముడిపడ్డ విదేశీ కంపెనీల పేర్లు బయటికొచ్చి అక్కడి పత్రికల్లో రచ్చయ్యాక, పిల్లల్ని పెట్టుకోని రైతుకు అదనపు బోనస్ ఇచ్చే పథకాలు పుట్టాయి. కొంత మార్పు కనిపించింది కూడా. అయితే పని తగ్గిన చోట తగ్గగా, గుజరాత్ చేలకు రాజస్థాన్ గిరిజన పిల్లలు లారీలెక్కి వెళ్తూనే వచ్చారు.

దేశంలో 2001లో 1.26 కోట్లున్న బాల కార్మికులు 2011కు సుమారు 1.01 కోట్లకు తగ్గారని జనాభా లెక్క. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2016 సవరణ 14 ఏళ్ల లోపు పిల్లలకు అన్ని పనులూ నిషేధించింది, కానీ బడి వేళలు అయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబం చేసుకునే పొలం, వ్యాపారం లాంటి పనికి సాయపడొచ్చని సందు వదిలింది. అర ఎకరం, ఎకరం సీడు వేసే చిన్న రైతుకు ఆ సందు చాలు. తనిఖీకి వస్తే ‘మా పాపే సార్, ఈ పూటకే వచ్చింది’ అంటాడు. పువ్వు బడి విడిచేదాకా ఆగదు కాబట్టి ఆ పూట కచ్చితంగా బడి పూటే అయి ఉంటుంది. పాప పేరు హాజరుపట్టీలో ఎలాగూ ఉంది, అందుకని పై లెక్కల్లో ఆమె బడి మానేసినట్టు కాదు.