నహలాల్: అందరి అప్పుకూ అందరూ పూచీ

ఇజ్రాయెల్‌లో మోషావ్ అనే సహకార గ్రామాలు ఇప్పటికీ వందల సంఖ్యలో ఉన్నాయి. చాలాచోట్ల సహకారం మాత్రం పేరుకే మిగిలింది. ఎవరి పెట్టుబడి వాళ్లది, ఎవరి అప్పు వాళ్లది. ఎందుకిలా అయిందో తెలియాలంటే మొదటి మోషావ్ నహలాల్ దాకా వెళ్లాలి.

రష్యా సామ్రాజ్యం నుంచి పాలస్తీనాకు వలస వచ్చిన యూదు యువకులు కొందరు 1910లో గలిలయ సరస్సు ఒడ్డున దెగానియా స్థాపించారు. అది కిబ్బుట్జ్. పొలం, సంపాదన, చివరికి భోజనం కూడా ఉమ్మడే. ఆ జీవితం అందరికీ పడలేదు. తన ఇల్లు, తన పొలం తనకుండాలి, కానీ కష్టంలో ఊరంతా నిలబడాలి అనుకున్నవాళ్లు వేరే దారి వెతికారు. ఎలియెజెర్ యాఫే 1919లో దానికి నియమాలు రాశారు: భూమి జాతి ఆస్తి, రైతుకు ఉండేది సాగు హక్కే, కూలీలను పెట్టకూడదు, కొనడం అమ్మడం కలిసి చేయాలి, ఒకరికొకరు సాయపడాలి.

1921 సెప్టెంబరు 11న యెజ్రెయేలు లోయలో నహలాల్ మొదలైంది. బీరూట్‌కు చెందిన సుర్సోక్ కుటుంబం నుంచి కొన్న భూమి అది. చుట్టూ చిత్తడి నేలలు, మలేరియా. మురుగు కాలువలు తవ్వాకే సాగు కుదిరింది. వాస్తుశిల్పి రిచర్డ్ కౌఫ్‌మన్ ఊరిని బండిచక్రంలా గీశారు: మధ్యలో బడి, ఆఫీసు, గిడ్డంగులు, చుట్టూ ఇళ్లు, వాటి వెనక ఆకుల్లా విచ్చుకునే పొలాలు. 80 కుటుంబాలు, ఒక్కో కుటుంబానికి సుమారు 25 ఎకరాలు.

పక్కనే ఉన్న మాలూల్ అనే అరబ్ గ్రామం 1948 యుద్ధంలో ఖాళీ అయి నేలమట్టమైంది. నహలాల్‌లో పెరిగి, తర్వాత ఇజ్రాయెల్ రక్షణ మంత్రి అయిన మోషే దయాన్ స్వయంగా 1969లో విద్యార్థుల ముందు ఆ ఊరి పేరెత్తారు. నహలాల్ చరిత్ర చెబుతూ మాలూల్‌ను వదిలేయడం న్యాయం కాదు.

ఊరి లెక్కలన్నీ సంఘం చేతిలోనే. రైతు పోసిన పాల డబ్బు అతని ఖాతాలో జమ అయ్యేది, దాణా, విత్తనాల ఖర్చు అందులోంచే తెగేది. రైతు మంచాన పడితే పక్కింటివాళ్లు పాలు పితికేవారు. బ్యాంకు అప్పుకు ఊరంతా హామీ. చేతిలో పైసా లేని వలసదారులకు అప్పు పుట్టింది ఆ హామీ వల్లే, అందుకే దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

1980ల్లో అదే మెడకు చుట్టుకుంది. 1984లో ద్రవ్యోల్బణం 400 శాతం దాటింది. డబ్బు విలువ కరిగిపోతుంటే అప్పు చేసినవాడే తెలివైనవాడు అనిపించే రోజులు. 1985లో ప్రభుత్వం ధరలకు కళ్లెం వేసేసరికి వడ్డీ భారం ఒక్కసారిగా మీద పడింది. ఎన్నో మోషావ్‌లకు కలిపి సరుకులు కొనిపెట్టే ప్రాంతీయ సంస్థలు కుప్పకూలాయి. వాయిదాలు సక్రమంగా కట్టిన రైతులకు కూడా ఎవరో చేసిన అప్పుకు నోటీసులు వచ్చాయి. ఒకే ఊళ్లో తరతరాలుగా బతికినవాళ్ల మధ్య అది పెట్టిన చిచ్చు అంతా ఇంతా కాదు. చివరికి 1992లో అప్పుల్లో కొంత రద్దు చేసి, మిగతాది సర్దుబాటు చేసే చట్టం వచ్చింది. ఆ దెబ్బతో చాలా ఊళ్లు ఉమ్మడి హామీని వదులుకున్నాయి.

వదలని నియమం ఒకటుంది: కమతాన్ని ముక్కలు చేయకూడదు, వారసుడు ఒక్కడే. భూములకు ధర పెరిగాక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇప్పుడు కోర్టుకెక్కుతున్నది దీని గురించే.