చాకిరేవు బొమ్మ: అపోహలు - వాస్తవాలు

అపోహ: బట్ట తలపైకి లేచిన క్షణం గీస్తే ఉతుకుతున్నట్టే ఉంటుంది.

నల్లగొండ, పాలమూరు చెరువుల దగ్గర గీసే బొమ్మలు ఎక్కువగా చెడేది ఇక్కడే. నానిన చీర చాలా బరువు, నిటారుగా నిలబడి దాన్ని తిప్పలేరు. రేవు బండ ముందు ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి వేసి, మోకాళ్లు కాస్త వంచి నిలబడతారు. బట్ట పైకి లేచినప్పుడు ఒంటి బరువు వెనక కాలి మీద ఉంటుంది. బండకు తగిలేసరికి అది ముందు కాలికి మారి, నడుము వంగి, చేతులు మోకాళ్ల దాకా దిగుతాయి. చేతులు ముందుకు తిరిగాక కూడా బట్ట కొస ఇంకా వీపు వెనకే ఉంటుంది. కొసను చేతుల కన్నా ముందు గీశారో, బట్ట కర్రలా బిగుసుకుపోతుంది. నీటి చుక్కల్ని నాలుగు వైపులా చల్లకండి, బట్ట తిరిగే దారి నుంచి బయటికి చిమ్మినట్టు వేయండి. కుచ్చిళ్లు ఎగదోపి, చెంగు నడుముకు చుట్టి గీయాలి. గాలికి ఎగిరే చెంగుతో ఈ పని ఎవరూ చేయలేరు.

అపోహ: ఫ్రెంచి బొమ్మల్లోని పోజు తెచ్చుకోవచ్చు.

పని తీరు మారితే ఒళ్లు వంగే తీరూ మారుతుంది. డచ్చి చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊరి దగ్గర గీసిన వంతెన బొమ్మలో ఆడవాళ్లు ఒడ్డున నీళ్ల మీదికి వంగి ఉతుకుతారు. ఫ్రెంచి చిత్రకారుడు షార్డాన్ 1730ల్లో గీసిన చాకలామె ఇంట్లో తొట్టి ముందుంటుంది, పక్కన పిల్లాడు సబ్బు బుడగ ఊదుతుంటాడు. ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు దెగా గీసిన ఇద్దరు ఆడవాళ్లదీ ఇస్త్రీ పని: ఒకామె రెండు చేతులతో పెట్టెను అదుముతుంటే ఇంకొకామె సీసా పట్టుకుని ఆవులిస్తుంది. వాళ్ల దేశపువాడే అయిన దోమియే గీసిన చాకలామె బొమ్మ మాత్రం తప్పక చూడాలి. మూట చంకన పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లెక్కే మనిషి. ముఖం సరిగా కనిపించదు, ఆ వంగిన భుజంలోనే మూట బరువంతా తెలుస్తుంది.

అపోహ: మన దగ్గర ఇలాంటి బొమ్మలు లేవు.

తెలంగాణలోని చేర్యాలలో గుడ్డ మీద కథలు గీసే నకాశీ పటాల్లో చాకలివారి కులకథ మడేలు పురాణం ఉంది. ఎర్రని నేపథ్యం, వరసలుగా నడిచే కథ.

అపోహ: నురగ లేనిదే ఉతుకుడు లేదు.

పాతకాలపు రేవు గీస్తుంటే నురగ కుప్పలు వేయకండి. అప్పుడు బట్టల్ని సౌడు (క్షారపు మట్టి) నీళ్లలో ముంచి ఉబ్బకు, అంటే ఆవిరికి, పెట్టేవాళ్లు. బాన, ఆవిరి, మసిబారిన పొయ్యిరాళ్లు గీయండి.

అపోహ: తెల్ల ధోవతికి తెల్లరంగే.

తడిస్తే పోగుల మధ్య గాలి పోయి నీళ్లు చేరతాయి, వెలుతురు తక్కువగా తిరిగొస్తుంది. అందుకే తడి తెలుపు పొడి తెలుపు కన్నా ముదురు. వాటర్ కలర్‌లో ఎండ పడే చోట కాగితాన్నే వదిలేయండి. నీడకు పలుచని నీలిబూడిద, నేలవైపు మడతల్లో ఎర్రమట్టి ఛాయ చాలు. తడి మడతలు తక్కువ, బరువుగా కిందికి జారి ఒంటికి అంటుకుంటాయి. బండ కూడా అంతే: ఎండిన చోట లేత బూడిద, నీళ్లు పడ్డ చోట దాదాపు నలుపు. ఆ రెంటి మధ్య అంచును వంకరటింకరగా, గట్టిగా వేయండి. అక్కడ రంగు అలుక్కుపోతే బండ పొడిగానే కనిపిస్తుంది.