తోడు పెట్టిన దయ్యం

ప్రియమైన పిల్లలూ,

మొన్న రాత్రి కరెంటు పోయి, జనరేటర్ కూడా మొరాయించినప్పుడు మీరంతా మూడో ఫ్లోర్ మెట్ల మీద కూచుని దయ్యం కథలు చెప్పుకున్నారు కదా, నేను పైనుంచి వింటూనే ఉన్నా. కరెంటు వచ్చాక మన చిన్ని పరిగెత్తుకొచ్చి "తాతా, పెద్దయ్యాక నేను దయ్యం కథలు రాసి స్టేజి మీద చెప్పే జాబ్ చేస్తా, దానికేం చదవాలి?" అంది. వాళ్లమ్మ నవ్వేసింది, వాళ్ల నాన్నేమో "జీతం ఎవరిస్తారే?" అన్నాడు. రేపు చెప్తాలే అన్నా నేను, అని నాలుగు రోజులు మర్చిపోయా. మళ్లీ గుర్తొచ్చింది ఎందుకంటే ఈ పొద్దున మా ఇంట్లో పెరుగు తోడుకోలేదు.

డిసెంబర్‌లో బెంగళూరు సంగతి మీకు తెలిసిందే. మా హిందూపురం వైపు ఎండాకాలంలో నాలుగు గంటలకే గడ్డపెరుగు అయిపోతుంది, ఇక్కడ చలికి తెల్లారినా పాలు పాలే. అందుకే మీ అవ్వ గిన్నెకి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెడుతుంది. నిన్న మర్చిపోయింది, ఆ నింద కూడా నా మీదే పడింది, అది వేరే కథ.

ఇప్పుడు చూడండి, భయం కథ కూడా తోడు పెట్టడమే. వినేవాళ్లు పాలు. మరీ వేడిగా ఉంటే, అంటే నవ్వుతూ గోల చేస్తూ ఉంటే, దయ్యం చచ్చిపోతుంది. మరీ చల్లగా, ఫోన్ చూస్తూ ఉంటే అసలు తోడుకోదు. గోరువెచ్చగా ఉండాలి. దయ్యం ఒక్క చెంచా చాలు, గరిటెడు వేస్తే పులుపెక్కుతుంది, మొన్న కిట్టూ తన కథలో పదకొండు దయ్యాల్ని దింపాడే, అట్లా. వేశాక గిన్నె కదపకూడదు. మిగతా పనంతా పాలదే, మనది కాదు. ఇదొక్కటి అర్థమైతే ఆ ఉద్యోగం సగం వచ్చినట్టే.

1815లో ఇండోనేసియాలో తాంబోరా అనే అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ఆకాశంలోకి పోయి ఎండకి అడ్డుపడితే, మరుసటేడు యూరప్‌కి ఎండాకాలమే రాలేదు, ఒకటే చలి, వాన. స్విట్జర్లాండ్‌లో ఒక సరస్సు పక్కన ఇంట్లో కొంతమంది ఇంగ్లీషు కుర్రాళ్లు వాన వల్ల బయటికి పోలేక దయ్యం కథలు చదువుకున్నారు, అందులో బైరన్ అనే కవి తలా ఒక కథ రాద్దాం అన్నాడు. మీరు మెట్ల మీద కూచున్నారే, ముమ్మూర్తులా అదే. చూశారా, బియ్యం డబ్బాలో పెట్టిన గిన్నె! మేరీ అనే పద్దెనిమిదేళ్ల పిల్లకి మాత్రం రోజుల తరబడి ఏమీ తట్టలేదు. తట్టాక రాసిందే చచ్చిన శవాల ముక్కలు కుట్టి ప్రాణం పోసిన ఫ్రాంకెన్‌స్టైన్ కథ. 1818లో అచ్చేస్తే వేసింది 500 కాపీలు, ఆమె పేరు కూడా లేదు దాని మీద. 1823లో లండన్ లైసియం థియేటర్‌లో దాన్ని నాటకం వేస్తే ఊరంతా విరగబడి చూశారు. ఆమె కూడా పోయి చూసింది. కానీ నవలని నాటకం చేస్తే రాసినోళ్లకి డబ్బివ్వాలనే చట్టం అప్పట్లో లేదు. పాత్రల జాబితాలో ఆ భూతం పేరు ఉండాల్సిన చోట ఖాళీ గీత పెట్టారట, అది మాత్రం ఆమెకి తెగ నచ్చింది.

ఆ థియేటర్ తర్వాత తగలబడితే మళ్లీ కట్టారు. దాంట్లోనే బ్రామ్ స్టోకర్ అనే ఆయన మేనేజర్‌గా ఇరవై ఏడేళ్లు పనిచేశాడు, లెక్కలు, ఉత్తరాలు, పెద్ద హీరో గారి కోపతాపాలు, అన్నీ ఆయనే చూడాలి. రాత్రుళ్లు, సెలవుల్లో మాత్రం తన రాత. ఏళ్లపాటు నోట్సు రాసుకుని 1897లో డ్రాక్యులా తెచ్చాడు. పుస్తకం రాకముందే మే 18న, తన థియేటర్‌లోనే, నటుల చేత స్టేజి మీద గంటలకొద్దీ చదివించాడు. జనం కోసం కాదు, నాటకం హక్కులు చేజారకుండా! మేరీకి లేని తెలివి కాదమ్మా అది, థియేటర్ లెక్కలు రాసే మనిషికి ఎక్కడ చిల్లు పడుతుందో తెలుసు, అంతే.

చిన్ని వాళ్ల నాన్న అడిగిన జీతం ప్రశ్నకి జవాబు ఇక్కడుంది అనుకుంటా, జీతానికి ఒక పని, దాని పక్కనే రాత. మన యండమూరి వీరేంద్రనాథ్ గారు చదువుకు చార్టర్డ్ అకౌంటెంట్, నాటకాలూ రాశారు, చేతబడి నవలా రాశారు. అది వారపత్రికలో సీరియల్‌గా వచ్చే రోజుల్లో మీ అవ్వ పత్రిక రాగానే నా చేతిలోంచి లాక్కునేది. చివర "ఇంకా ఉంది" అని ఉండేది చూశారా, అదే, గిన్నె కదపకుండా వారం పాటు మూతపెట్టడం.

మరి స్టేజి మీద చెప్పడం? అది చిలకడం. రాసేవాడు తోడు పెట్టి నిద్రపోవచ్చు, చెప్పేవాడు అందరి ముందూ కవ్వం పట్టుకోవాలి. చార్లెస్ డికెన్స్ తన నవలల్లో ఘట్టాల్ని ఊరూరా తిరిగి గొంతులు మార్చి చదివేవాడు. చివరి రోజుల్లో ఒక హత్య ఘట్టం ఎత్తుకున్నాడు, అది చదివిన రాత్రి డాక్టరు చెయ్యి పట్టుకుని చూస్తే నాడి నిమిషానికి నూరు దాటేది. జనం వణికేవాళ్లు, ఆయన సోఫాలో కూలబడేవాడు. వద్దు అన్నారు డాక్టర్లు. 1870లో యాభై ఎనిమిదేళ్లకే పోయాడు. ఆయన మిగిల్చిన ఆస్తిలో దాదాపు సగం ఇట్లా స్టేజి మీద చదివి సంపాదించిందే అంటారు. చిలికితేనే వెన్న, నిజమే, కానీ చేతులు కూడా పడిపోతాయి. అందుకని చిన్నీ, ఈ ఉద్యోగానికి ముందు కావాల్సింది అన్నం టైముకి తినడం. నవ్వకు.

నా చిన్నప్పుడు మా ఊరికి ధర్మవరం వైపు నుంచి తోలుబొమ్మలాటోళ్లు వచ్చేవాళ్లు. తెల్లవార్లూ ఆట. రామాయణంలో రాక్షసులు వచ్చే చోట ఢబఢబమని చప్పుడు, నేలంతా అదిరినట్టుండేది, మా నాయన తువ్వాలులోకి తల దూర్చేవాణ్ణి. ఒక రాత్రి ధైర్యం చేసి తెర వెనక్కి పోయా. చూస్తే ఒక బక్కపలచని ముసలాయన, కాలి కింద చెక్కపలక, చేతిలో రావణుడు, నోట్లో ఇద్దరి గొంతులు, ఒళ్లంతా చెమట. నన్ను చూసి కన్నుగీటి, కాలితో ఆ పలకని ఇంకోసారి తన్నాడు. చప్పుడెక్కడిదో తెలిసిపోయింది కదా, ఇక భయం పోవాలి. పోలేదు! అటువైపు వెయ్యిమందీ ఒక్కసారి ఊపిరి బిగబట్టింది నాకు తెర ఇవతల్నించి వినిపించింది. అది విని ఒళ్లు ఎందుకు జలదరించిందో నాకు ఇప్పటికీ తెలీదు, వివరించమంటే వివరించలేను.

ఇంకొకటి. 1990ల్లో ఈ బెంగళూరులో తలుపుల మీద సుద్దముక్కతో "నాళె బా" అని, అంటే కన్నడంలో "రేపు రా" అని, రాసుకునేవాళ్లు. రాత్రి ఒక ఆడదయ్యం అమ్మ గొంతుతోనో అక్క గొంతుతోనో పిలుస్తుంది, తలుపు తీస్తే అంతే. అది రాసుంటే చదువుకుని "రేపు రావాలా, సరే" అని వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ చదువుకుంటుంది. మన తెలుగు ఊళ్లలో "ఓ స్త్రీ రేపు రా" అని రాశారు. నేనప్పుడు ఆఫీసుకి పోయే మనిషిని, ఇదంతా మూఢనమ్మకం అని లెక్చర్ కూడా దంచా. రాత్రి పదకొండుకి మీ అవ్వ తలుపు కొడితే రెండోసారి పిలిచేదాకా తీయలేదు. ఆ కథ రాసిందెవరో ఎవరికీ తెలీదు, పైసా రాలేదు ఎవరికీ, రెండే మాటలు, ఊరూరూ తిరిగింది. ఒక్క చెంచా తోడంటే అదీ.

సరే, ఏం చదవాలి అన్నావు కదా. ఈ ఆదివారం మల్లేశ్వరంలో పాత ఇళ్లున్న వీధుల్లోకి పోదాం, సుద్ద గీతలు ఇంకా ఎక్కడైనా మిగిలాయేమో తలుపులు చూద్దాం. అంతదాకా రోజూ రాత్రి మా ఇంట్లో తోడు పెట్టే పని నీది, కిట్టూది మూతపెట్టే పని. మళ్లీ కరెంటు పోయినప్పుడు టార్చి ఆర్పేసి, ఒక్క దయ్యంతో కథ మొదలుపెట్టు. తలుపు చప్పుడైంది అన్న దగ్గర ఆపేసి ఇంటికొచ్చెయ్. కిట్టూ మెట్లెక్కేటప్పుడు వెనక్కి ఎన్నిసార్లు చూశాడో నేను పైనుంచి లెక్కపెట్టి చెప్తా.

మీ తాత