"మావోనికి సదువు మీద ధ్యాసే లేదు సార్" - అపోహలు, వాస్తవాలు

వరంగల్ దగ్గర ఒక ఊరి హైస్కూల్ల లెక్కలు చెప్తా. పేరెంట్స్ మీటింగ్ పెడితే సగం మంది ఈ మాటే అంటరు, స్టాఫ్ రూంల మేం కూడా తక్కువేం కాదు.

అపోహ: ముందు ఇంట్రెస్ట్ రావాలె, తర్వాతనే చదువు వస్తది.

వాస్తవం: ఎక్కువసార్లు ఉల్టా. కొంచెం వచ్చినంకనే ఇంట్రెస్ట్ పుడ్తది. ఎనిమిదో క్లాసుల శాతాలు అనంగనే తల దించే పిల్లగాడిని చూడండి, వానికి ఆరోల భిన్నాలు పోయినయ్, వాటెనుక దశాంశాలు పోయినయ్, ఇప్పుడు బోర్డు మీద ఏం రాసినా గీతలే, అయినా నోట్స్ మాత్రం నీట్‌గ దించుకుంటడు, మనమేమో వింటున్నడనుకుంటం.

మా దిక్కు ఇంటింటా పత్తే, అందుకే క్లాసుల శాతాలు పత్తితోనే మొదలువెట్టిన. 2025-26 సీజన్ల పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 8110 రూపాయలు, తేమ 8 శాతం దాకా పూర్తి ధర, ఆపైన 12 దాకా పెరిగిన ఒక్కో శాతానికి ధరల ఒక శాతం కోత, 12 దాటితే మద్దతు ధరకు కొనే సర్కారు సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్) కొనదు. "మీ నాయన 10 క్వింటాళ్లు తీస్కపోయిండు, మిషన్ల తేమ 11 శాతం వచ్చింది, ఎంత పోయింది?" అన్న. వెనుక బెంచీలకెళ్లి ఒకడు "గట్లెందుకు తీస్కపోయిండు సార్, ఇంకో రెండొద్దులు ఎండబోస్తే సరిపోతుండె గదా" అన్నడు. క్లాసంత నవ్వింది గని, వాడు చెప్పింది కరెక్టే గదా! తర్వాత వాడే కూసొని 2433 రూపాయలు పోయినయని తేల్చిండు. కాకపోతే పత్తి పేరెత్తంగనే లెక్క రాదు, 8110ల ఒక శాతమంటే 81 రూపాయల 10 పైసలని, దశాంశ పాయింట్ ఎందుకు జరుగుతదో అని, తెగిన కాడికి పోయి ముడేసుడే అసలు పని. పత్తి అని చెప్పి మళ్ల సీదా ఫార్ములా మీదికి దుంకితే వాడు మళ్ల నోట్స్ దించుడే.

అపోహ: ప్రైజ్ పెడితే చదువుతరు.

వాస్తవం: ఆ ప్రైజ్ ఉన్నన్ని దినాలు. 1973ల లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే సైకాలజిస్టులు నర్సరీ పిల్లల మీద చూసిండ్రు, బొమ్మలేసుడంటే ముందే ఇష్టమున్న పిల్లలకు "వేస్తే సర్టిఫికెట్ ఇస్తం" అని చెప్పి వేయిస్తే, తర్వాత ఆడుకునే టైంల వాళ్లు ఆ స్కెచ్ పెన్నులు ముట్టుడే తగ్గింది. చెప్పకుండ తర్వాత ఇచ్చినోళ్లకు గట్ల కాలే. ఎక్కాలు బట్టీ పట్టుడు లాంటి బోర్ పనికి ఒక పెన్ను ఇస్తే నష్టమేం లేదు, ఇష్టంగ చేసే పనికి మాత్రం బేరం పెట్టొద్దు.

"నీకు మస్తు తెలివిరా" అని పొగిడితే? అదీ డౌటే. ముల్లర్, డ్వెక్ అనే ఇంకో ఇద్దరు సైకాలజిస్టులు 1998ల చూపించింది ఏందంటే, తెలివిని పొగిడిన పిల్లలు ఒక్కసారి తప్పంగనే జల్ది వదిలేసిండ్రు, కష్టాన్ని మెచ్చుకున్నోళ్లు ఇంకా పట్టుకొని చేసిండ్రు. "ఈసారి స్టెప్ వదలకుండ చేసినవ్" అంటే సరిపోద్ది.

అపోహ: రెండు తగిలిస్తే దారికొస్తడు.

వాస్తవం: హోంవర్క్ వస్తది, పక్కోని నోట్స్‌లకెళ్లి. ఇగ 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం కొట్టుడే కాదు, మనసు నొచ్చేటట్టు మాట్లాడుడు గూడ నిషేధమే. ఈ రెండోది చాలామంది టీచర్లకు గుర్తుండదు.

మోటివేషన్ స్పీచ్‌ల గురించి ఎక్కువ చెప్పను. ఆ రోజంత జోష్, తెల్లారి భిన్నాలు ఎక్కడున్నయో అక్కడనే ఉంటయ్.

అపోహ: బడి ఎగ్గొట్టేటోనికి చదువంటే పడదు.

వాస్తవం: పత్తి ఏరుడు మొదలైతే కూలీలు దొరకరు, పిల్లలు చేన్లకు పోతరు, పోవుడు వాళ్ల ఇష్టం కాదు. వాపస్ వచ్చినోనికి నాలుగు పాఠాలు దాటిపోయి ఉంటయ్, అప్పుడు "ఇప్పుడు గుర్తొచ్చిందారా బడి" అన్నమనుకో, వాడు రేపటి సంది మళ్ల రాడు. నేనైతే ఆ రోజు వాడు చేయగలిగిన లెక్కలే రెండు ఇస్తా, పోయిన పాఠం సంగతి మరుసటి రోజు చూస్తం.