పిల్లల గుండె కండరం జబ్బు, జీన్ రిపోర్ట్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో జెనెటిక్ కౌన్సెలర్‌గా నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది: "మేడమ్, ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?" ఫైలు తెరిచేసరికే అత్తగారు ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు.

అపోహ: రిపోర్ట్‌లో మార్పు దొరికితే కారణం దొరికినట్టే.

వాస్తవం: ప్రతి మనిషి డీఎన్ఏలో లక్షల తేడాలుంటాయి. 2015 నాటి అమెరికన్ మార్గదర్శకాల ప్రకారం ల్యాబులు వాటిని ఐదు తరగతులుగా విడదీస్తాయి. ఆ ఐదింటిలో మధ్యలో ఉండేది వీయూఎస్ (వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్). అంటే మంచిదో చెడ్డదో ఇంకా తేలలేదని.

మన ఊరి ఉదాహరణే చెప్తాను. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జీన్‌లో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన మార్పు ఒకటుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త తంగరాజ్ గారి బృందం 2009లో దీన్ని గుండె కండరం జబ్బుతో ముడిపెట్టి ప్రచురించింది. భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఇది ఉంది. వంద మంది కూర్చున్న పెళ్లి బంతిలో నలుగురన్నమాట! ఈ జీన్‌కి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలుంటాయి. ఒక కాపీలో ఈ మార్పు ఉన్నంత మాత్రాన పసితనంలోనే జబ్బు వచ్చేదైతే మన పిల్లల వార్డులు చాలవు. దీని ముప్పు వయసుతో పెరుగుతుంది. పైగా అదే కాపీలో ఇంకో మార్పు కూడా ఉందా అన్నదీ చూడాలి. రెండు కాపీల్లోనూ ఉన్న పసికందుల సంగతి వేరు, అది తీవ్రం. యూరప్ వాళ్లలో ఇది దాదాపు కనిపించదు కాబట్టి, వాళ్ల డేటాతో మాత్రమే పోల్చి చూస్తే అరుదైన మార్పుగా భ్రమపడతాం. అందుకే మూడేళ్ల పాప రిపోర్ట్‌లో ఇదొక్కటే కనిపిస్తే నేను వెతకడం ఆపను.

అపోహ: వంశంలో ఎవరికీ లేదు, కాబట్టి జన్యుపరమైనది కాదు.

వాస్తవం: మార్పు బిడ్డలోనే కొత్తగా పుట్టి ఉండొచ్చు. మేనరికాల్లో అమ్మానాన్నలిద్దరూ మార్పు ఉన్న ఒక్కో కాపీ మోస్తూ ఆరోగ్యంగానే ఉండొచ్చు. గుండె కండరాన్ని దెబ్బతీసే ఏఎల్‌పీకే3 జీన్ జబ్బు, పాంపే జబ్బు (ఒక ఎంజైమ్ లోపం) అలా వచ్చేవే. పాంపేని ముందే పట్టుకోవడం ముఖ్యం, దానికి ఎంజైమ్ చికిత్స ఉంది.

అపోహ: పాపకున్న వీయూఎస్ తమ్ముడిలో లేదంటే వాడికి ఎకో (గుండె స్కాన్) అక్కర్లేదు.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించే పొరపాటు ఇదే. వీయూఎస్ దొరికితే అమ్మానాన్నల రక్తం చూస్తాం, కానీ అది ఆ మార్పు బరువు తేల్చడానికి, తమ్ముడి జాతకం చెప్పడానికి కాదు. తమ్ముడికి ఈసీజీ, ఎకో ఏడాదికో రెండేళ్లకో మామూలుగానే జరగాలి. జబ్బుకు కారణమని తేలిన మార్పు అయితేనే, అది లేనివాళ్లకు ఈ పరీక్షలు మానొచ్చు.

అపోహ: జీన్ పరీక్ష నెగెటివ్ వస్తే గండం గడిచినట్టే.

వాస్తవం: కాదు. ఎకో చూపించిన జబ్బు ఎకోలో అలాగే ఉంది.

పాత రిపోర్ట్ పారేయకండి. ఎక్సోమ్ (దాదాపు అన్ని జీన్‌ల ముఖ్య భాగాలనూ ఒకేసారి చదివే పరీక్ష) చేయించి ఉంటే, రెండు మూడేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ చూడమని ల్యాబ్‌ని అడగండి. చాలాసార్లు కొత్తగా రక్తం ఇవ్వాల్సిన పని ఉండదు.