రాత్రి థర్మోస్టాట్ తగ్గిస్తే ఆయిల్ ఎక్కువ కాలుతుందా? హీటింగ్ ఆయిల్‌పై అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని కనెక్టికట్‌లో ఇళ్లను వేడిచేసే ఆయిల్ బర్నర్లు బాగుచేసే పని నాది. చలి మొదలవగానే మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. పాత ఇల్లు కొన్నవాళ్లు బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల ట్యాంకు చూసి బెంబేలెత్తిపోతారు. ఒక్కసారి నింపితేనే వందల డాలర్లు, ఆ దిగులు నాకు తెలుసు. ఆ దిగులు మీద వాట్సాప్ గ్రూపుల్లో పుట్టించే మాటలు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: "రాత్రి థర్మోస్టాట్ తగ్గించకండి. పొద్దున ఇల్లు మళ్లీ వేడెక్కడానికి ఇంకా ఎక్కువ ఆయిల్ తాగుతుంది."

తప్పు. మనవాళ్ల డబ్బు అన్నిటికన్నా ఎక్కువగా తగలబెడుతున్నది ఈ మాటే.

ఇంట్లోంచి వేడి ఎంత బయటికి పోతుందన్నది లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. చిల్లు బిందె నిండుగా ఉంటే ధార జోరుగా పోతుంది, మట్టం దిగితే ధారా సన్నబడుతుంది. బయట 32 డిగ్రీలు (ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్ లెక్కే), లోపల 70 అయితే తేడా 38. లోపల 60కి దిగితే తేడా 28. అక్కడున్నంత సేపూ పోయే వేడి పావు వంతు పైగా తగ్గింది. "మరి పొద్దున బర్నర్ ఆపకుండా తిరుగుతోందే?" అంటారు. తిరుగుతుంది. రాత్రి ఇల్లు చల్లబడుతున్నప్పుడు వెలగకుండా ఆగింది కదా, ఆ బాకీ తీరుస్తోంది. చల్లటి ఇల్లు పోగొట్టుకోని వేడి మాత్రం మీకు పూర్తిగా మిగులే. ఆగినప్పుడు మీరు నిద్రలో ఉన్నారు, పొద్దున మోత చెవిన పడుతుంది. అందుకే ఈ అపోహ చావట్లేదు. రోజుకు 8 గంటలు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా ఆదా అని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది.

దీనికి తోబుట్టువు ఇంకోటి: 80 పెడితే ఇల్లు త్వరగా వేడెక్కుతుందట. పోయిన చలికాలం గుంటూరు వైపు అమ్మాయి ఇంటికి ట్యూన్-అప్‌కి వెళ్లాను. నెలల పాప, ఊరి నుంచి వచ్చిన అత్తగారు. "అన్నా, చలికి తట్టుకోలేక 80 పెడుతున్నాం, బిల్లు చూస్తే ఏడుపొస్తోంది" అంది. మంటకి ఆయిల్ చిమ్మే పాత నాజిల్ విప్పి చేతిలో పెట్టాను. బొటనవేలి కొసంత ఇత్తడి ముక్క, దాని మీద 0.85 అని చెక్కి ఉంటుంది. 100 పీఎస్ఐ ఒత్తిడిలో గంటకు 0.85 గ్యాలన్ అని అర్థం. వాళ్ల పంపు 140 మీద ఉంది కాబట్టి గంటకు దాదాపు ఒక గ్యాలన్. 68 పెట్టినా 80 పెట్టినా మంట అదే, వేగం అదే. 80 పెడితే ఆగాల్సిన చోట ఆగదు, అంతే. పాప ఉన్న గది తలుపుకింద సందు మూయించి, 70 దగ్గర ఉంచమన్నాను. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో రాత్రి మరీ తగ్గించొద్దు. ఊరెళ్లినా 55 కంటే దించొద్దు, పైపులు గడ్డకట్టి పగులుతాయి. కరెంటుతో ఇల్లు వేడిచేసే హీట్ పంపు ఉన్నవాళ్లకు లెక్క వేరు, ఇది వాళ్లకి చెప్పట్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ప్రొపేన్ గ్యాలన్ చవక, అది మేలు." గ్యాలన్ ధర పోల్చకండి. గ్యాలన్ హీటింగ్ ఆయిల్‌లో దాదాపు 1,38,500 బీటీయూలు (వేడికి కొలత), ప్రొపేన్‌లో 91,500.

"వేసవిలో ఆయిల్ ఖర్చు ఉండదు." వేడినీళ్లు బాయిలర్‌లోని ట్యాంక్‌లెస్ కాయిల్ నుంచే, అంటే దాని లోపలి పైపు చుట్ట నుంచే, వస్తుంటే, జూలైలో కూడా ఆ బాయిలర్ వేడిగానే ఉండాలి. ఎండాకాలం గేజ్ ఎందుకు దిగుతోందని బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్లు ముందు ఇది చూసుకోండి.

"డీజిల్ పోస్తే బర్నర్ పాడవుతుంది." పాడవదు. ఆయిల్ అయిపోవస్తే, ట్రక్కు వచ్చేదాకా బంకులోని డీజిల్ ఐదు పది గ్యాలన్లు పోసుకోవచ్చు. రోడ్డు పన్ను లేదని గుర్తుగా హీటింగ్ ఆయిల్‌కి ఎర్ర రంగు కలుపుతారు, భయపడాల్సిన తేడా ఏమీ లేదు. పెట్రోలు మాత్రం చస్తే పోయకూడదు. ట్యాంకు పూర్తిగా ఎండిపోతే లైన్లో గాలి చేరుతుంది, అది తీస్తేనే వెలుగుతుంది. పావు ట్యాంకు ఉన్నప్పుడే ఆర్డర్ పెట్టండి.

"బర్నర్ ఆగిపోతే దాని మీది ఎర్ర రీసెట్ బటన్ నొక్కుతూ ఉండాలి." ఒక్కసారే. నొక్కినప్పుడల్లా కాలని ఆయిల్ లోపల పేరుకుంటుంది, తర్వాత అంటుకుంటే అది ఒక్కసారిగా భగ్గుమంటుంది. రెండోసారీ ఆగితే బటన్ ముట్టుకోకుండా మీ సర్వీసు వాళ్లకి ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే.